మెచ్చుకోలునకు కారణములు
(గురజాడ వర్ధంతి సందర్భమున చీపురుపల్లిలో చేసిన స్మారకోపన్యాసము)



 గురజాడ అప్పారావుగారి తండ్రి వేంకటరామదాసుగారు ఈ ఊర ఉద్యోగము చేయుచున్న కాలమున ఆ బాలుని తొలిచదువు ఇచటనే సాగినదన్న సంగతి మీరెల్లరు ఎరిగినదే; కావున ఆయనను గూర్చి మీకు చెప్పబూనుట, పుట్టింటివారి యెదుట వారి బిడ్డ సుగుణములను వర్ణింపబూనుట వంటిది. ముత్యాలసరముల కవిగా, కన్యాశుల్కకర్తగా ఆయనను స్మరించు సభలు ఏటేట జరుగుచునే యున్నవి. నేనీనాడు ఆయనను వేరొక పాత్రలో, అనగా ఒక తీర్పుసంఘమునందు ఓడిపోయిన సభ్యునిగా, స్మరింపదలచితిని.

తెలుగు వ్యాసరచనకు ఏ భాష తగునో విచారించుటకు మద్రాసు విశ్వవిద్యాలయమువారు ఏర్పరచిన ఉపసంఘములో అప్పారావుగారొక సభ్యులు. అధికసంఖ్యాకులు గ్రాంథికము వైపునకు మ్రొగ్గిరి. అట్టి పట్టున సాధారణముగా సభ్యుడైనవాడు చేయు పనులు రెండే: సంతకము పెట్టి ఊరకుండుట, లేదా రాజీనామా పెట్టి అలుగుట. ఆయన ఈ రెండును చేయలేదు. ఆ నిర్ణయముతో తానేల ఏకీభవింపలేకపోయెనో, దృష్టాంతములతో, పూర్వగ్రంథప్రమాణములతో, ఒక్కొక్క వాదమునే పట్టుకొని, సుదీర్ఘమైన అసమ్మతి పత్రము వ్రాసి 1914లో సంఘము ముందుంచిరి. మరుసటి యేడు నవంబరు 30వ తేదీన కన్నుమూసిరి. అధికసంఖ్యాకుల నివేదికను నేడు వెదకి చదువువారు అరుదు. చదివినను, అప్పారావుగారు దేనిని కాదన్నారో తెలిసికొనుటకే చదువుదురు. (ఆ పత్రమును ఇట్టి గ్రాంథికచ్ఛాయ గల వాక్యములలో కొనియాడుట వింతయే, ఆయన నవ్వి ఊరకుందురని నా ధైర్యము.) జానపద సంగీతమునకిచ్చు పురస్కారములను నిర్ణయించు సంఘములలో, ఊరి జాతరలోని పోటీ మొదలు ఢిల్లీలోని పద్మ పురస్కారముల దాక, నేటికిని కొరవడినది ఆ అసమ్మతి పత్రమే యని నా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు కారణములు చెప్పుటకే ఈ ప్రసంగము.

ఈ నేలకు పాట కొత్త కాదు. తప్పెటగుళ్ళు, జముకులకథ, తూర్పు భాగవతము, కోలాటము, చెక్కభజన, కొండమీదికి పోయిన థింసా, ఇవన్నియు శ్రీకాకుళ విజయనగరమండలములలో పుట్టి పెరిగినవో, స్థిరపడినవో. మన కనకమహాలక్ష్మి జాతరకు గాని, విజయనగరమున పైడితల్లి సిరిమానోత్సవమునకు గాని వచ్చు బృందములను మీరు చూచుచునే యున్నారు. ఇట్టి సందర్భములలో పోటీలు పెట్టుట, బహుమతులిచ్చుట పరిపాటియైనది. న్యాయనిర్ణేతలుగా ఒక సంగీతోపాధ్యాయుడు, ఒక అధికారి, ఒక పత్రికావిలేకరి, చందా ఎక్కువ ఇచ్చిన పెద్దమనిషి ఒకరు కూర్చుందురు. ఫలితము వెలువడిన గంటలోగా, బస్టాండులో టీ త్రాగుచు, ఓడిన బృందమువారు, “ఆళ్ళోళ్ళకే ఇచ్చుకున్నారు” అందురు. ఒక్కొక్కప్పుడు ఆ మాట నిజమే. బంధుప్రీతి, కులప్రీతి, పార్టీప్రీతి, ఇవి మనకు తెలిసిన రోగములు. వీనికి మందు కూడ తెలిసినదే, త్రాగువారే కరవు. కాని తీర్పరులందరును నిప్పువంటి నిజాయితీపరులైనను జరిగిపోవు అన్యాయమొకటి కలదు. దానిని గూర్చి ఎవరును టీకొట్టు దగ్గర మాటలాడుకొనరు, ఏలనన అది మార్కుల కాగితములోనే దాగియుండును.

జముకును దగ్గరగా చూచిన వారికి నేను చెప్పునది తేలికగా బోధపడును. అదొక గుల్లపాత్ర, అడుగున తోలు మూయబడియుండును, ఆ తోలు నడుమనుండి ఒక నరము బయలుదేరి చిన్న పుల్లకు ముడివడి యుండును. వాద్యగాడు పాత్రను చంకలో ఇరికించుకొని, ఒక చేత పుల్లను లాగుచు వదలుచు, రెండవ చేత నరమును మీటును. లాగిన కొలది ధ్వని పైకి పోవును, వదలిన కొలది దిగును. అది ఒక స్వరముపై నిలుచుట కాదు, స్వరముల నడుమ జారుట. కథకుని గొంతు దుఃఖములోనికి దిగునపుడు జముకు తానును మూల్గును, వీరములోనికి ఎక్కునపుడు తానును బిగియును. కథలోని మాటకు ముందో వెనుకో సగము క్షణమున ఆ జారుడును పలికించుటలోనే వాద్యగాని ప్రజ్ఞయంతయు నున్నది. ఇక మార్కుల కాగితమున మొదటి గడి ‘శ్రుతి’. సంగీతోపాధ్యాయుడు నిజాయితీపరుడు గనుక, తనకు వినబడిన దానిని తన శాస్త్రముతో తూచి, పదికి నాలుగు వేయును. ఆయనను తప్పు పట్టుటకు వీలులేదు. గడి తప్పు.

ఇచట విజయనగరపు మాట ఒకటి చెప్పక తప్పదు. అచట 1919లో స్థాపితమైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు అజ్జాడ గ్రామమున పుట్టి, కాలికి గజ్జెకట్టి, చిరతలు చేతబట్టి నిలిచి కథ చెప్పిన మహానుభావులు. శాస్త్రమును ఆటపాటలును ఒకే శరీరమున ఇముడ్చుకొన్నవారు. అట్టివారు తీర్పరులుగా కూర్చున్నచో నాకీ ఉపన్యాసముతో పనియే లేదు. అట్టివారు శతాబ్దికొకరు. తక్కిన తొంబదితొమ్మిదేండ్లకు మనము ఏర్పాట్లు చేసికొనవలెను.

మార్కుల కాగితములో రెండవ దోషము కాలము. జముకులకథ రాత్రి భోజనములైన పిదప మొదలై కోడికూత వేళకు ముగియు కళ. తూర్పు భాగవతమున సత్యభామ తెర వెలువడి తన్ను తాను పరిచయము చేసికొనుటకే, ఆమెకును మద్దెలగానికిని సాగు సరసమునకే, పోటీవారిచ్చు సమయము చాలదు. పదినిమిషములలో ముగింపుమన్నపుడు బృందము చేయునదేమి? కథను కోసి, ఎగురుడును మిగుల్చును. తప్పెటగుళ్ళవారు పాటను ప్రక్కకు నెట్టి, ఒకరి భుజములపై నొకరు నిలిచి గోపురము కట్టుటకు త్వరపడుదురు, ఏలనన ఫోటోలో పడునది అదియే. ఏటేట ఇట్లు జరిగినచో, నలుబది ఏండ్ల పిదప పదినిమిషముల కథయే అసలు కథయగును. ఇది నా భయము మాత్రమే కాదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలు, ఊరూర వెలసిన పరిషత్తులు నాటకమునకు చేసిన సేవ అపారము. కాని పోటీ నిబంధనలకు సరిపడునట్లు, ఒక సెట్టులో, పరిమితపాత్రలతో, గడియారమును చూచుకొనుచు వ్రాసిన నాటికలు ఒక జాతిగా తయారై ‘పరిషత్తు నాటిక’ యను పేరే స్థిరపడినది. పోటీ కళను కొలుచుటతో ఆగదు. మెల్లగా దానిని మలచును. నాటకము వ్రాతలో బ్రతుకును గనుక ఆ మార్పును తట్టుకొన్నది. నోట బ్రతుకు కథ తట్టుకొనునా యనునది వేరు ప్రశ్న.

ఆకాశవాణివారు ఒక ఉపాయము చేసిరి. 1952లో కేంద్ర ప్రసారశాఖామాత్యులైన బి.వి.కేస్కరుగారి కాలమున, కళాకారులను పరీక్షించి తరగతులు ఏర్పరచు పద్ధతి వచ్చినది; పాడువాని ముఖము గాని పేరు గాని తీర్పరికి తెలియకుండ, కంఠము మాత్రమే వినిపించు ఏర్పాటు. పేరుమోసిన విద్వాంసులకు అది అవమానముగా తోచి అలజడి లేచినది. అయినను శాస్త్రీయసంగీతమునకు ఆ తెర కొంత న్యాయము చేసినదనియే నా తలంపు. తప్పెటగుళ్ళకు తెర కట్టుడు: రొమ్ముపై కట్టిన తప్పెట, ఆ తప్పెట మీద పడు చేయి, నడుము వంగుట, వలయము తిరుగుట, గురువు కనుసన్న, ఇవన్నియు తెర వెనుకనే మిగిలిపోవును. ముఖము దాచిన, కళయే దాగును. కావున నిష్పాక్షికతకు మనకు పరాయి ఉపాయములు చాలవు.

ఇక ఢిల్లీకి పోదము. 1954లో ఆరంభమైన పద్మ పురస్కారముల నిర్ణయమునకు ప్రతియేట ప్రధానమంత్రి ఒక సంఘమును నియమించును. దానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షుడు. కొందరు ఉన్నతాధికారులును, నలుగురు మొదలు ఆరుగురు దాక ప్రముఖులును సభ్యులు. ఇటీవలి సంవత్సరములలో సామాన్యుడును ఎవరినైనను, తన్ను తానైనను, సూచించుటకు వీలు కల్పించిరి. ఇది మంచి మార్పే. తెలంగాణమున పన్నెండుమెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్యగారికి, కోయల కథలు పాడు సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చుట పూర్వపు పద్ధతిలో ఊహింపరానిది. మనకు చేరువనున్న సంతకవిటి ప్రాంతమునుండి పద్యనాటకనటులు యడ్ల గోపాలరావుగారికి 2020లో వచ్చినపుడు ఈ ప్రాంతమంతయు పండుగ చేసికొన్నది. అయినను సూచనపత్రమున 800 మాటలకు మించని ప్రశంస వ్రాసి కంప్యూటరులో ఎక్కింపవలెను. పదిరాత్రుల కథ కంఠస్థముగా గల వృద్ధుడు ఆ పత్రము నెట్లు నింపును? ఎవరో నింపవలెను. నింపగల మనుమడో, మాష్టరో, పరిశోధకుడో ఉన్న కళాకారుడు ఒక మెట్టు పైనుండును, లేనివాడు లేనట్లే.

సంగీత నాటక అకాడమివారు దీనిని కొంతవరకు గుర్తించినట్లున్నది. స్వాతంత్ర్యామృతోత్సవ సందర్భమున, 75 ఏండ్లు పైబడి అంతవరకు ఏ జాతీయ గౌరవమును పొందని 84 మంది కళాకారులకు వారు అమృత పురస్కారములిచ్చిరి. 2023 సెప్టెంబరులో ప్రదానము జరిగినది. సంతోషము. కాని ఆ సంఖ్యను త్రిప్పి చదువుడు: అన్ని దశాబ్దముల తీర్పుసంఘములు వరుసగా చూడక వదలినవారు ఇందరున్నారని, ఆ సంస్థయే బిరుదుపత్రములిచ్చి ఒప్పుకొన్నట్లయినది. చూడక వదలిన వేళ ఏ సంఘమైనను ఎందుకు వదలెనో ఒక పంక్తి వ్రాసియుంచినచో, తరువాతి సంఘము ఆ పంక్తిని చదివియుండెడిది.

మరియొక చిక్కు. పద్మ యైనను అకాడమి యైనను వ్యక్తికిచ్చునది. తప్పెటగుళ్ళలో పదునైదు ఇరువదిమంది. జముకులకథలో కథకుడు, వంతలు, వాద్యగాడు. గౌరవము గురువు మెడలో పడును. గురువు పెద్దవాడు, తగినవాడు, కాదనను. కాని జముకు మీటినవాని పేరు ఏ పత్రికలోను రాదు. మేళమునకు మేళముగా గౌరవమిచ్చుటకు నియమావళిలో ఒక పంక్తి చేర్చుట అంత కష్టమా?

ఏది జానపదము, ఏది కాదు అను తగవు కూడ తీర్పరుల మెడకే చుట్టుకొనును. పార్వతీపురము దరి పెదబొండపల్లిలో 1943లో పుట్టి 2020 ఆగస్టులో దివంగతులైన వంగపండు ప్రసాదరావుగారి పాటలు కర్త పేరు తెలిసిన పాటలు. మన పొలములలో, ఊరేగింపులలో కర్త పేరు మరచి పాడుకొను పాటలును అవియే. వీనిని ఏ గడిలో వేయుదురు? అమెరికావారికిని ఈ చిక్కు వచ్చినది. 1959లో గ్రామీ పురస్కారములు తొలిసారి ఇచ్చినపుడు, ‘టామ్ డూలీ’ యను పాత హత్యాగాథను రికార్డు చేసిన కింగ్‌స్టన్ ట్రయో బృందమునకు, జానపదమను తరగతియే లేనందున, పశువుల కాపరుల పాటల తరగతిలో బహుమతి ఇచ్చిరి. మరుసటి పర్యాయమునకు జానపదవిభాగమును సృష్టించి, దానిని కూడ వారికే ఇచ్చిరి. ఆ పాటను 1938లో ఒక సేకర్తకు పాడి వినిపించిన ఉత్తర కరొలైనా కొండరైతు ఫ్రాంక్ ప్రాఫిట్‌ను ఆనాడు ఏ సంఘమును తలచుకొనలేదు. ఉత్తరాంధ్రపు పాటలు సినిమాకెక్కి ఊరూర మ్రోగుచున్న ఈ రోజులలో ఆ కథ మనకంత దూరము కాదు.

ఇంగ్లండులో బి.బి.సి. రేడియోవారు 2000లో జానపదసంగీత పురస్కారములు ప్రారంభించి, నూరుమందికి పైబడిన తీర్పరులచేత ఓట్లు వేయించిరి. ఇందరున్నపుడు ఒకరి పక్షపాతము లెక్కకు రాదని వారి ఊహ కాబోలు. ఆ తీర్పరుల పేర్లు బయట పెట్టకపోవుటతో, వారిలో రికార్డుల వ్యాపారులెందరు, కచేరీల గుత్తదారులెందరు అను సందేహము పుట్టి చాలకాలము వివాదము నడచినది. సంఖ్య పెంచిన మాత్రాన న్యాయము పెరుగదనుటకు ఇది సాక్ష్యము. ఆ ప్రక్కనే వేల్సు దేశమున జాతీయోత్సవమైన ఐస్తెద్‌వొద్ లో వేరొక సంప్రదాయము కలదు. అచట పోటీకి కావ్యము పంపు కవి మారుపేరుతో పంపును. తీర్పరుల పేర్లు మాత్రము లోకమునకు ముందే తెలియును. గెలిచినవానిని లేచి నిలువుమనుటకు ముందు, తీర్పరులలో నొకరు వేదికపై నిలిచి, వేలమంది వినుచుండగా, ఏ రచన ఎందుచేత మేలో, ఏది ఎచట తప్పినదో చెప్పును. ఆ తీర్పులు ప్రతియేట పుస్తకముగా అచ్చగును. యోగ్యమైనది లేదని తోచిన, విజేతకిచ్చు ఆసనమును ఆ యేటికి ఖాళీగా ఉంచుటకును వెనుకాడరు. పోటీదారుని ముఖము దాచి తీర్పరి ముఖము చూపించు ఈ పద్ధతి, మనము చేయుచున్నదానికి సరిగా తలక్రిందులు.

మన పల్లెలలోను ఇట్టి బహిరంగత యొకటి ఉండెను, పూర్తిగా పోలేదు. కథ రక్తికట్టిన చోట కథకుడు ఆగి, చదివింపులు చదువును: ఫలానా ఊరి ఫలానావారు, ఫలానా ఘట్టమునకు మెచ్చి, నూటపదహార్లు. మెచ్చినవాడెవడో, ఎంతకు మెచ్చెనో, ఏ చోట మెచ్చెనో పదిమందికి తెలియును. తప్పుచోట మెచ్చినవానిని చూచి జనము నవ్వుకొందురు. శ్రీనాథుడు విద్యానగరమున గౌడడిండిమభట్టును గెలిచి కంచుఢక్కను పగులగొట్టించిన కథలోను తీర్పరి అజ్ఞాతుడు కాడు; సభ చూచుచుండగా నిలిచినవాడు. అయినను పల్లెను నేను స్వర్గముగా చిత్రింపను. చదివింపులలో మోతుబరి నూరు పాలేరు పదిని నొక్కివేయును. ఆ మెచ్చుకోలులో పంతములున్నవి, కులములున్నవి, ఒక్కొక్కప్పుడు కల్లును ఉన్నది. నేను తీసికొనుమనునది దాని డబ్బును కాదు, దాని బాహాటత్వమును.

న్యాయస్థానములవారు ఈ విషయమున మనకంటె ముందున్నారు. పద్మ పురస్కారములు రాజ్యాంగవిరుద్ధములగు బిరుదులా కావా యను వ్యాజ్యమున 1995 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానపు అయిదుగురు న్యాయమూర్తులు, అవి బిరుదులు కావని తేల్చుచునే, ఎంపికకు స్పష్టమైన పద్ధతి ఉండవలెనని పలికిరి; ఆ ధర్మాసనమున జస్టిస్ కుల్దీప్ సింగుగారు తన మాటను వేరుగా వ్రాసిరి. ఆ వేరు తీర్పును నేడు ఎవరైనను చదువవచ్చును. పురస్కారములివ్వవచ్చునా యని విచారించిన తీర్పునకు కారణములున్నవి, ప్రత్యేకాభిప్రాయమున్నది; ఆ పురస్కారములను ఎవరికివ్వవలెనో నిర్ణయించు తీర్పునకు మాత్రము పేర్ల జాబితా తప్ప మరేమియు లేదు!

నేను కోరునవి పెద్దవి కావు. తీర్పరి కళ యున్న చోటికి పోవలెను. తన రాత్రిని దానికి ఇవ్వవలెను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవరభాష నేర్వదలచినపుడు సవరలను ఇంట నుంచుకొని వారి నోట నేర్చిరేగాని, పదినిమిషములు మాటలాడి పొమ్మనలేదు. సంఘమున సగమైనను ఆ కళ చేసినవారో, ఆ కళను కులవృత్తిగా గల వారిండ్లలోనివారో కావలెను. యాదవులు లేని సంఘము తప్పెటగుళ్ళకు, దళితులు లేని సంఘము డప్పునకు తీర్పు చెప్పుట నాకు ఏనాడును సరిపడలేదు. వారు బంధువులకు మ్రొగ్గుదురేమో యందురా? మ్రొగ్గవచ్చును. అందుకే ఫలితమును చదువుటకు ముందు కారణములను మైకులో చెప్పవలెను. ఏకీభవింపని తీర్పరికి తన మాట చెప్పుటకు అదే మైకు ఇవ్వవలెను. జముకు తెలిసిన వెయ్యిమంది ఎదుట నిలిచి, బావమరిదికి బహుమతి ఏల ఇచ్చితినో శాస్త్రప్రకారము వివరించుట కంటె బావమరిదితో తగవు పెట్టుకొనుట సుకరము.

ఇట్లయిన తీర్పరిగా ఎవరు వచ్చెదరని, వచ్చినవారిని ఊరు దాటనిత్తురా యని కొందరు మిత్రులు నన్నడిగిరి. తొలి రెండేండ్లు కేకలుండును, కాదనను. కారణము విన్నవాడు కారణముతో కేకవేయును. వినని వాడు కులము పేరుతో కేకవేయును. ఈ రెంటిలో మొదటి కేకను నేను కోరుకొందును. తీర్పరికి దారిబత్తెము, రాత్రి మెలకువకు తగిన ప్రతిఫలము ఇవ్వవలెను, శాలువా చాలదు. రాబోవు జాతరకు పోటీ పెట్టదలచిన పెద్దలు, మార్కుల కాగితము అచ్చునకిచ్చుటకు ముందే, ఒక సాయంకాలము ఈ చుట్టుప్రక్కల మేళముల గురువులను, వంతలను, వాద్యగాండ్రను కూర్చుండబెట్టుకొని, ఏయే గడులుండవలెనో వారినే అడిగి వ్రాసికొందురుగాక. వారు చెప్పు గడులు నాలుగగునో పదియగునో నేనిపుడు చెప్పజాలను గాని, ‘సమయపాలన’ యను గడి వానిలో ఉండదని మాత్రము పందెము వేయగలను.